హెండ్రిక్సా, ఎడ్డీ వాన్ హేలెనా? వేగంతో తేలే లెక్క కాదిది

వేగంలో గానీ ట్యాపింగ్‌లో (మీటే చేతి వేలితో కూడా తీగను గిటార్ మెడ మీద కొట్టి పలికించడంలో) గానీ రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ పక్కన మరో రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ నిలబడలేడు కదా, 27 ఏళ్లకే పోయాడన్న సానుభూతి కాకపోతే గొప్ప గిటారిస్టుల జాబితాలన్నింటిలో హెండ్రిక్స్‌నే పైన ఎందుకు పెడతారు అని ఒకరు అడిగారు. పోటీ ఎలక్ట్రిక్ గిటార్ వరకే అయితే నా ఓటు హెండ్రిక్స్‌కే. అందులో సానుభూతి ఏమీ లేదు. కారణాలన్నీ చేతుల్లో, తీగల్లో, యాంప్‌లో (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్‌లో) ఉన్నాయి. గిటార్ చేతిలో ఉన్న ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ముందు జాబితాల సంగతి చూద్దాం. అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ 2003లో వేసిన వందమంది జాబితాలో ఎడ్డీది 70వ స్థానం. 2011 జాబితాలో 8. 2023లో 4. అతనికి ఆ పేరు తెచ్చిన రికార్డులు 1978 నుంచీ అవే. వాటిలో ఒక్క స్వరం మారలేదు. మారింది ఓటు వేసినవాళ్లు. 2003 జాబితా ఒక విమర్శకుడు కూర్చినది, 2011లో సంగీతకారులే ఓట్లు వేశారు. వాయించేవాళ్లు ఓటు వేయగానే ఎడ్డీ అరవైకి పైగా మెట్లు ఎక్కాడంటే, చేతుల్లో ఉన్న పనితనం చేతులకే ముందు తెలుస్తుందన్నమాట. అందుకని జాబితాలో అంకె చూపించి వాదన గెలవాలనుకోవద్దు. ఇద్దరు న్యాయనిర్ణేతలు మారితే ఆ అంకె మారిపోతుంది.

ఇక వేగం. టెంపో 120 పెట్టి బీట్‌కు నాలుగు స్వరాలు వాయిస్తే సెకనుకు ఎనిమిది స్వరాలు పడతాయి. ఈ ఎనిమిది ఎలా పుట్టాయన్నదే అసలు ప్రశ్న. యాంప్‌లో డిస్టార్షన్ (శబ్దాన్ని బొంగురుగా చీల్చే గుణం) బాగా పెంచినప్పుడు శబ్దం నొక్కుకుపోయి, గట్టిగా మీటిన స్వరమూ మెల్లగా వేలు కొట్టిన స్వరమూ ఇంచుమించు ఒకే గట్టితనంతో బయటికి వస్తాయి. అందుకే హ్యామర్ ఆన్, పుల్ ఆఫ్ (మీటకుండా, మెడ మీది వేలితో తీగను కొట్టో లాగి వదిలో స్వరం పలికించడం), ట్యాపింగ్ అక్కడ అంత సాఫీగా నడుస్తాయి. యాంప్ లేని నైలాన్ తీగల మీద ఆ వెసులుబాటు లేదు. స్పెయిన్ సంగీతమైన ఫ్లమెంకోలో పికాడో అంటే చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి ప్రతి స్వరాన్నీ విడిగా మీటడం. మీటిన వేలు పై తీగ మీద వాలి ఆగాలి. ఫ్లమెంకో గిటారిస్టు పాకో దె లూసియా ఆ పద్ధతిలో తీసిన వేగమూ, ఎడ్డీ ట్యాపింగ్‌తో తీసిన వేగమూ రెండు వేర్వేరు పనులు. రెండింటినీ ఒకే స్టాప్‌వాచ్‌తో కొలిచే వాదనకు అర్థం లేదు.

నేను చూసేది ఒక్కటే. ఆ మనిషి వాయించాక, అదే వాద్యం పట్టుకున్న మిగతావాళ్ల చేతులు మారాయా? మారితే ఎక్కడ మారాయి: ఎడమ చేతిలోనా, కుడి చేతిలోనా, లయలోనా, శబ్దంలోనా, వాద్యం తయారీలోనా? ఎక్కువమంది ఇందులో ఒక్క దాన్ని మార్చి ఆగిపోతారు. హెండ్రిక్స్ దాదాపు అన్నింటినీ మార్చాడు. అదీ 1966 సెప్టెంబరులో లండన్‌లో దిగినప్పటి నుంచి 1970 సెప్టెంబరులో అక్కడే పోయేదాకా, నాలుగేళ్లలో.

ఎడమ చేతివాటం మనిషి కుడి చేతివాటం స్ట్రాటోకాస్టర్ గిటార్‌ను (స్ట్రాట్ అంటారు) తిరగేసి, తీగలు మాత్రం తనకు తగ్గట్టు మళ్లీ బిగించుకున్నాడని అందరికీ తెలుసు. దానివల్ల శబ్దంలో వచ్చిన తేడా గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. స్ట్రాట్‌లో బ్రిడ్జి (తీగల కింది కొసలు ఆనే చోటు) దగ్గరి పికప్ (తీగ కదలికను విద్యుత్తుగా మార్చే అయస్కాంత చుట్ట) ఏటవాలుగా ఉంటుంది. మామూలుగా సన్న తీగల వైపు కొస బ్రిడ్జికి దగ్గరగా, లావు తీగల వైపు కొస దూరంగా ఉంటుంది. గిటార్ తిరగేస్తే అది తారుమారవుతుంది: లావు తీగలు బిగువుగా, పదునుగా పలుకుతాయి, సన్న తీగల కీచుదనం తగ్గి గుండ్రంగా వస్తాయి. దీనికి తోడు చాలా రికార్డుల్లో శ్రుతి అర మెట్టు దించి, అంటే 'ఈ ఫ్లాట్' (E♭) లో వాయించాడు. రికార్డుతో పాటు వాయిద్దామని కూర్చుని అన్ని స్వరాలూ అర మెట్టు ఎక్కువ పలుకుతున్నాయని కంగారుపడే విద్యార్థులకు ముందు చెప్పాల్సింది ఇదే. అయితే 'పర్పుల్ హేజ్' మామూలు శ్రుతిలోనే ఉంది.

ఆ పాటలో వినిపించే కార్డు (కలిసి మోగే స్వరాల కూర్పు) 'ఈ సెవెన్ షార్ప్ నైన్' (E7#9). ఆరో తీగ ఖాళీ, ఐదో తీగ 7వ ఫ్రెట్ (మెడ మీది మెట్టు), నాలుగో తీగ 6, మూడో తీగ 7, రెండో తీగ 8, మొదటి తీగను మూయాలి, అంటే మోగనివ్వకూడదు. స్వరాలు వరసగా 'ఈ' (E), 'ఈ', జీ షార్ప్, డీ, జీ. 'ఈ'ని షడ్జమం అనుకుంటే జీ షార్ప్ అంతర గాంధారం, దాని పక్కనే ఉన్న జీ షట్‌శ్రుతి రిషభం. నాట రాగంలో ఉండే జంట ఇది. 'జగదానందకారక' విన్న చెవికి ఈ రెండు స్థానాలూ పాతవే. కర్ణాటక సంగీతంలో అవి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ఇక్కడ రెండూ ఒకేసారి మోగుతాయి. ఆ ఒరిపిడే ఈ కార్డుకు ప్రాణం. జాజ్‌లో ఇది అంతకుముందే ఉంది, హెండ్రిక్స్ కనిపెట్టాడనడం తప్పు. దాన్ని వేరే కార్డుకు దారితీసే మెట్టులా వాడకుండా, పాట నిలబడే ఇల్లుగా చేశాడు. ఆ తర్వాత రాక్ గిటారిస్టులందరూ దీన్ని హెండ్రిక్స్ కార్డు అనే పిలుస్తున్నారు.

మెడ పట్టే చేతిలో (ఎడమ చేతివాటం కాబట్టి అతనికి అది కుడి చెయ్యి) ఇంకా పెద్ద మార్పు బొటన వేలు. గిటార్ మెడ వెనుక ఉండాల్సిన ఆ వేలిని పైనుంచి తెచ్చి ఆరో తీగ మీద నొక్కాడు. అప్పుడు మిగతా నాలుగు వేళ్లకూ బారె (ఒకే వేలిని అడ్డంగా వేసి తీగలన్నీ నొక్కడం) పట్టే పని తప్పుతుంది. కార్డు మోగుతుండగానే ఆ వేళ్లతో చిన్న చిన్న స్వరాలు అల్లవచ్చు. 'లిటిల్ వింగ్' మొదలంతా ఈ పద్ధతే. రిథమ్ ఒకరు, లీడ్ ఒకరు అన్న పాత విభజన ఆ చేతిలో చెరిగిపోయింది. ముగ్గురే ఉన్న బృందం అంత నిండుగా వినిపించడానికి ముఖ్యమైన కారణం ఇదే. సాధన చేసేటప్పుడు అందరికీ వచ్చే ఇబ్బంది మణికట్టు బిగుసుకోవడం. బొటన వేలు చేరడం లేదని మణికట్టు మెలితిప్పొద్దు. గిటార్ మెడను కాస్త కిందికి వాల్చి, అరచేతిని మెడకు ఆనించి, ఐదో తీగను అదే బొటన వేలి కొసతో మూసేస్తే చాలు.

ఫజ్ పెడల్ (కాలితో నొక్కితే గిటార్ శబ్దాన్ని బొంగురుగా మార్చే పెట్టె) విషయంలో చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు. ఫజ్ ఫేస్ అనే పెడల్ కొని, గిటార్ వాల్యూమ్ పదిలో పెట్టి, హెండ్రిక్స్ శబ్దం రావట్లేదంటారు. అతను వాల్యూమ్ నాబ్‌ను వాయిస్తూనే తిప్పేవాడు. పది నుంచి ఆరేడుకు తగ్గిస్తే అదే ఫజ్ శుభ్రమైన మెరుపుగా మారుతుంది. ఆ పెడల్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (లోపలికి వచ్చే సిగ్నల్‌కు చూపే నిరోధం) చాలా తక్కువ కాబట్టి గిటార్ పికప్‌తో నేరుగా ముడిపడి పనిచేస్తుంది. మధ్యలో ట్యూనర్ పెడలో, బఫర్ (పికప్‌ను తర్వాతి పెట్టె నుంచి విడదీసే సర్క్యూట్) ఉన్న ఇంకేదో పెట్టారంటే ఆ బంధం తెగుతుంది: వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు, శబ్దం పెళుసుగా ఉంటుంది. ఫజ్ మొదట, మిగతావి తర్వాత. జర్మేనియం ట్రాన్సిస్టర్లున్న రకమైతే విజయవాడ మే నెల ఎండలో ఇంకో చిక్కు. వేడికి ట్రాన్సిస్టర్‌లో లీకేజి పెరిగి బయాస్ (అది పనిచేయాల్సిన వోల్టేజీ స్థాయి) జరిగిపోతుంది, స్వరం చివర్లో చిటపటమని తెగిపోతుంది. అక్కడ సిలికాన్ రకం నమ్మకమైనది. హెండ్రిక్స్ కూడా తర్వాత సిలికాన్‌కే మారాడు.

నా ఓటును తేల్చింది మాత్రం ఫీడ్‌బ్యాక్. స్పీకర్ శబ్దం తీగను కదిలిస్తుంది, తీగ కదలిక పికప్ ద్వారా మళ్లీ యాంప్‌లోకి పోతుంది, చక్రం ఆగదు. అతనికి ముందు కూడా కొందరు దాన్ని అక్కడక్కడా వాడారు. హెండ్రిక్స్ దాన్ని స్వరంలా పాడించాడు. 1969 ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్‌లో అమెరికా జాతీయ గీతం వాయించినప్పుడు, ఏ స్వరం ఎక్కడ ఆగి అరుపుగా మారాలో అతని అధీనంలోనే ఉంది. యాంప్‌కు ఎంత దూరంలో నిలబడ్డారు, గిటార్ ఏ కోణంలో ఉంది అన్నదాన్ని బట్టి మూల స్వరం మోగుతుందా, పై స్థాయి అనుస్వరం (హార్మోనిక్) మోగుతుందా తేలుతుంది. ప్రయత్నించాలంటే యాంప్‌కు ఒకటి రెండు మీటర్ల దూరంలో నిలబడి, ఒక్క తీగ తప్ప మిగతావన్నీ మూసి, ఒంటిని మెల్లగా తిప్పుతూ వినండి. కీచుమని చెవి చిల్లులు పడే శబ్దం వస్తే తీగల మీద అరచెయ్యి వేయండి. ఆగిపోతే అది తీగ ఫీడ్‌బ్యాక్. ఆగకపోతే పికప్ చుట్టలో వదులుగా ఉన్న రాగి తీగే అదురుతోందన్నమాట. దాన్ని వాయించడం ఎవరి వల్లా కాదు.

ఇక్కడే ఎడ్డీ గొప్పతనం మొదలవుతుంది. గిబ్సన్ గిటార్ నుంచి తీసిన పికప్‌ను స్ట్రాట్ ఆకారపు చెక్కలో బిగించి, అది కీచుమనకుండా కరిగిన పారఫిన్ మైనంలో ముంచాడు. చుట్టలోని సందుల్లోకి మైనం దిగి గట్టిపడితే తీగ అదరదు. ఈ పని ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా పికప్‌లనే పాడు చేసుకుంటారు, ఎందుకంటే వేడి మీద అదుపుండదు. మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టాలి. 65 డిగ్రీల దగ్గర ఉంచి, బుడగలు ఆగేదాకా ముంచాలి. అంతకు మించి వేడెక్కితే ప్లాస్టిక్ బాబిన్ వంకర పోతుంది, మైనానికి నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. ఎడ్డీ గిటార్‌కు ఉన్నది ఒకే ఒక్క వాల్యూమ్ నాబ్. విడిభాగాలు కొని సొంతంగా గిటార్ కట్టుకునే అలవాటు, బ్రిడ్జి దగ్గర హంబకర్ (జంట చుట్టల పికప్) ఉన్న స్ట్రాట్ తరహా గిటార్లు 1980ల్లో దుకాణాలన్నింటినీ నింపేయడం, చాలావరకు అతని చలవే. యాంప్‌కు వచ్చే కరెంటును వేరియాక్ అనే వోల్టేజీ మార్చే పరికరంతో సుమారు 90 వోల్టులకు తగ్గించి వాడాడు. అమెరికాలో కరెంటు 110, 120 వోల్టుల దగ్గర ఉంటుంది. మన 230 వోల్టుల సరఫరాతో ఆ ప్రయోగం చేయకండి. ముఖ్యంగా వోల్టేజీ పెంచితే ట్రాన్స్‌ఫార్మర్, వాల్వులు కాలిపోతాయి.

ట్యాపింగ్ అతను కనిపెట్టినది కాదు. జెనెసిస్ బృందంలో స్టీవ్ హ్యాకెట్ 1971 నాటికే రికార్డుల్లో వాడాడు. ఎడ్డీ గిటార్ సోలో 'ఇరప్షన్' ఒక నిమిషం 42 సెకన్లే. అందులో ట్యాపింగ్ భాగం మొదలయ్యే చోట రెండో తీగ మీద కుడి చేతి వేలు 9వ ఫ్రెట్, ఎడమ చేయి 2, 5. అంతే, సీ షార్ప్ మైనర్ కార్డు మూడు ముక్కలై తిరుగుతుంది. చూపిస్తే పదేళ్ల పిల్లవాడికి గంటలో అర్థమవుతుంది. కష్టం మిగతా ఐదు తీగల్ని నిశ్శబ్దంగా ఉంచడంలో, మూడు స్వరాల మధ్య ఎడం సమానంగా ఉంచడంలో ఉంది. సగం వేగానికి తగ్గించి వినండి. అనుకరించేవాళ్ల రికార్డుల్లో పుల్ ఆఫ్ దగ్గర లయ కుంటుతుంది, ఎడ్డీది కుంటదు. యాంప్ మహిమ అనేవాళ్లు 1979లో నైలాన్ తీగల గిటార్ మీద వాయించిన 'స్పానిష్ ఫ్లై' వినాలి. అక్కడ డిస్టార్షన్ లేదు, చేతులే ఉన్నాయి. హెండ్రిక్స్‌కూ ఇదే పరీక్ష పెట్టండి: 1967 చివర్లో పన్నెండు తీగల అకూస్టిక్ మీద ఒంటరిగా పాడిన 'హియర్ మై ట్రెయిన్ ఎ కమిన్' చిత్రీకరణ ఉంది. ఇద్దరూ నెగ్గుతారు.

హెండ్రిక్స్ మీద వచ్చే నిజమైన ఫిర్యాదు ఒకటుంది: కచేరీల్లో శ్రుతి తప్పేవాడు. నిజమే. వామీ బార్ (బ్రిడ్జిని కదిపి స్వరాన్ని దించే కడ్డీ) గట్టిగా నొక్కితే తీగలు వదులై, తిరిగి వచ్చేటప్పుడు నట్ (మెడ పై కొసన తీగలు ఆనే పట్టీ) గాడుల్లో ఒరుసుకుని పాత చోటికి చేరవు. దానికి మందు ఆ గాడుల్లో పెన్సిల్ గ్రాఫైట్ రాయడం, పెగ్‌కు రెండు మూడు చుట్లకు మించకుండా చుట్టడం, కొత్త తీగల్ని బిగించాక లాగి లాగి సాగదీయడం. తర్వాత వచ్చిన ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి తీగను రెండు చివర్లా బిగించేసి ఈ సమస్యను తీర్చింది. ఎడ్డీ కూడా తర్వాత దాన్నే వాడాడు కానీ మొదటి రికార్డు మామూలు ఫెండర్ బ్రిడ్జి మీదే చేశాడు. ఈ ఒక్క అంశంలో ఎడ్డీ ముందున్నాడని ఒప్పుకోవాల్సిందే.

ఇద్దరి మధ్యే పోటీ పెట్టడం వల్ల అన్యాయమయ్యేవాళ్ల గురించి చెప్పకుండా వదలలేను. 1928 నవంబరులో బండిలో అంటుకున్న మంటల్లో జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత సోలోలు రెండు వేళ్లతో వాయించాడు. రెండు వేళ్లే ఉన్నప్పుడు అడ్డంగా తీగలు మారడం కన్నా మెడ పొడవునా పరుగెత్తడం తేలిక, ఆ పరుగే అతని శైలి అయింది. దశాబ్దాల తర్వాత బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న, తర్వాత బ్లాక్ సబ్బాత్ బృందం గిటారిస్టయిన టోనీ అయోమీకి అక్కడి మేనేజరు ధైర్యం చెప్పడానికి ఇచ్చింది జాంగో రికార్డే. అయోమీ వేలికొసలకు ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, సన్న తీగలు వేసి, 1971 నాటికి శ్రుతిని మూడు అర మెట్లు దించాడు. హెవీ మెటల్ బరువంతా ఆ దించిన తీగల్లోంచి వచ్చింది. 1939లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ లేకపోతే గిటార్ జాజ్‌లో సోలో వాద్యంగా నిలదొక్కుకోవడానికి ఇంకెంత కాలం పట్టేదో. అతను 1942లో, పాతికేళ్లకే పోయాడు. చర్చి పాటలకు ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చిన సిస్టర్ రోజెటా థార్ప్ 1964లో మాంచెస్టర్ రైల్వే స్టేషన్‌లో వాయించిన దృశ్యం చూశాక, రాక్ ఎన్ రోల్ మగవాళ్లు మొదలుపెట్టారని ఎవరూ అనలేరు.

మరీ అన్యాయమయ్యేది రిథమ్ వాయించేవాళ్లకు. అమెరికా గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర 1965 నుంచి గిటారిస్టు జిమీ నోలెన్ వాయించిన 'చికెన్ స్క్రాచ్' లేకుండా ఫంక్ లేదు, డిస్కో లేదు. మన సినిమా డ్యాన్సు పాటల వెనుక టిక్‌టిక్‌మనే గిటార్‌కు మూలం కూడా అదే. కుడి చేయి బీట్‌కు నాలుగు సార్లు ఆగకుండా ఊగుతుంది, ఎడమ చేయి కావాల్సిన దెబ్బ దగ్గర మాత్రమే నొక్కి వెంటనే వదులుతుంది. వేళ్లు తీగల మీంచి లేవకూడదు, ఒత్తిడి మాత్రమే పోవాలి. వేళ్లు లేస్తే ఖాళీ తీగలు మోగి అంతా చెడుతుంది. ఇది పది నిమిషాలు ఆగకుండా వాయించగలిగినవాళ్లు, వేగంగా సోలో వాయించేవాళ్లకన్నా తక్కువమంది ఉంటారు.

నైలాన్ తీగల లోకాన్ని నేను ఈ పోటీలో కలపను. ఆ గిటార్‌ను కచేరీ వేదికకు తెచ్చినవాడు స్పెయిన్ గిటారిస్టు సెగోవియా అయినా, నా ఓటు పాకోకే. ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌ది ఇంకో దారి. 1970ల్లో భారతీయ సంగీతకారులతో కలిసి పెట్టిన శక్తి బృందం కోసం ఫ్రెట్ల మధ్య చెక్క తొలిచిన, సౌండ్‌హోల్ మీదుగా అదనపు తరపు తీగలున్న అకూస్టిక్ గిటార్ చేయించుకున్నాడు. తొలిచిన చోట తీగను లోపలికి నొక్కినా, పక్కకు లాగినా గమకం పలుకుతుంది. కాస్త గట్టిగా నొక్కితే కార్డు అపశ్రుతి అవుతుంది కాబట్టి ఆ మెడ తేలికైన వేళ్లకే లొంగుతుంది. ఆ బృందం తర్వాతి రూపమైన రిమెంబర్ శక్తిలో ఆయన పక్కన కూర్చున్నది పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు. అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఆయన పలికించిన గమకం విన్నాక, ఫ్రెట్లున్న విద్యుత్ వాద్యం మీద రాగం పలకదని చెప్పడానికి వీల్లేదు. ఆయన వాద్యం గిటార్ కాదు కాబట్టి జాబితాలో చేర్చను. గిటార్ మీద కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లు మాత్రం ముందు వినాల్సింది ఆయన్నే.

మీరే తేల్చుకోవాలంటే బెండ్‌తో, అంటే తీగను పక్కకు లాగి స్వరం పెంచడంతో, మొదలుపెట్టండి. రెండో తీగ 10వ ఫ్రెట్ నొక్కి, ఒక పూర్తి మెట్టు (రెండు ఫ్రెట్ల ఎత్తు) పైకి లాగి, మొదటి తీగ 7వ ఫ్రెట్‌తో కలిపి మోగించండి. రెండూ ఒకటైతే శ్రుతి సరి, అలలు అలలుగా ఊగితే తప్పు. ఆ ఎత్తులో నిలబెట్టి వైబ్రాటో ఇవ్వడం, అంటే స్వరాన్ని సమంగా ఊపడం, ఇంకా కష్టం. 1964లో షికాగోలో రికార్డయిన బ్లూస్ గిటారిస్టు బీ.బీ. కింగ్ ఆల్బమ్ 'లైవ్ ఎట్ ద రీగల్' ఇందుకు కొలబద్ద. అక్కడ స్వరాలు తక్కువ, ఒక్కటీ తేలిపోదు. తర్వాత వాన్ హేలెన్ మొదటి ఆల్బమ్‌ను హెడ్‌ఫోన్లో వినండి. గిటార్ దాదాపు ఎడమ చెవిలోనే ఉంటుంది, కుడి వైపు దాని ప్రతిధ్వని. ఎడమ చెవి మాత్రమే పెట్టుకుని, సోలోలు వదిలేసి, పాట నడుస్తున్నప్పుడు అన్న అలెక్స్ డ్రమ్స్‌తో ఆ గిటార్ ఎలా ఊగుతుందో పట్టుకోండి. ఆ తర్వాత కూడా మీ ఓటు ఎడ్డీకే పడితే, కారణంగా ట్యాపింగ్ కాకుండా ఆ రిథమ్ చూపించండి. ఆ వాదనను కాదనడం నాకు కష్టం.